పరీక్షకు నిలిచిన వైద్యం – 9: ఒకే టీకా, రెండు జవాబులు

క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను మన దేశంలో మొట్టమొదట వేసింది మదనపల్లెలో. 1948 ఆగస్టు నెల. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా ఉండగా అప్పటి చిత్తూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణం ముందుకు రావడానికి కారణం దాని పక్కనే ఉన్న ఆరోగ్యవరం. దక్షిణ భారతంలో పనిచేస్తున్న కొన్ని క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి అక్కడ కట్టిన క్షయ శానిటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి తొలి అధిపతి. తర్వాత ఆ బాధ్యత మోసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. క్షయకు మందే లేని రోజుల్లో, ఎత్తైన ఆ నేల మీది పొడిగాలినీ పాలూ గుడ్లూ దొరికే భోజనాన్నీ నమ్ముకుని తెలుగు జిల్లాల నుంచీ తమిళ జిల్లాల నుంచీ మనుషులు అక్కడికి చేరేవారు. బతికి తిరిగి వెళ్లినవాళ్లు ఉన్నారు, వెళ్లలేనివాళ్లూ ఉన్నారు.

గత వారం మనం లండన్‌లో ఆగాం. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ ఎవరికి ఇవ్వాలో డాక్టర్ల చేతిలో పెట్టకుండా, సీలు వేసిన కవర్లలోని యాదృచ్ఛిక సంఖ్యలకు వదిలేసిన ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ కథ చెప్పుకున్నాం. 107 మంది రోగులు. మందు పడిన 55 మందిలో ఆరు నెలలకు 4 మరణాలు, పడక విశ్రాంతి మాత్రమే దక్కిన 52 మందిలో 14. జవాబు ఎదురుగా కనిపించింది.

ఈ వారం చెప్పబోయే పరీక్ష అంతకంటే కష్టమైనది. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చింది జబ్బు మనిషికి. అతను కోలుకున్నాడో లేదో నెలల్లో తేలిపోతుంది. టీకా వేసేది నిక్షేపంగా ఉన్న మనిషికి. అతనికి పదేళ్లయినా క్షయ రాలేదనుకోండి, అది టీకా చేసిన మేలా, టీకా లేకపోయినా రాకపోయేదేనా? ఒక్క మనిషిని చూసి ఈ మాట బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. వేలమందిని రెండు గుంపులు చేసి, ఏళ్ల తరబడి వెంట ఉండి, లెక్క పెట్టుకుంటే తప్ప తెలియదు. క్షయ ఊళ్లో అందరికీ వచ్చే జబ్బు కాదు, వచ్చినా వెంటనే బయటపడదు. అందుకే ఈ లెక్క తేలడానికి యాభై ఏళ్లకు పైనే పట్టింది. ఆ లెక్క ఎక్కువ భాగం మన పొరుగునే జరిగింది.

ముందు టీకా పుట్టుక. ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో ఉన్న పాశ్చర్ సంస్థలో ఆల్బర్ కాల్మెట్, కామీ గెరాన్ 1908లో ఒక పని మొదలుపెట్టారు. ఆవులకు వచ్చే క్షయ క్రిమిని ఎద్దు పైత్యరసం పట్టించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచడం, మూడేసి వారాలకు దాన్ని కొత్త ముక్క మీదకు మార్చడం. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. లిల్ జర్మన్ సైన్యం చేతిలోకి పోయింది. ఆ పని ఆగలేదు. 13 ఏళ్లలో 230 మార్పిళ్లు జరిగేసరికి క్రిమికి జబ్బు తెచ్చే శక్తి పోయింది. 1921లో పారిస్‌లో, క్షయతో తల్లిని పోగొట్టుకుని క్షయ ఉన్న అమ్మమ్మ దగ్గర పెరగబోతున్న ఒక పసికందుకు ఆ టీకాను నోట్లో వేశారు. బిడ్డ బతికాడు. అలా లక్షల బిడ్డలకు వేశారు.

కాల్మెట్ చూపిన లెక్కలు ఘనంగా ఉన్నాయి. టీకా వేసిన బిడ్డల్లో మరణాలు చాలా తక్కువ. అయితే దేనికంటే తక్కువ? ఎక్కడో వేరే చోట, వేరే ఏడాది, వేరే ఇళ్లలో పోయిన బిడ్డల కంటే. 1928లో ఇంగ్లండ్ గణాంక నిపుణుడు మేజర్ గ్రీన్‌వుడ్ సరిగ్గా ఇక్కడే వేలు పెట్టాడు. మేజర్ ఆయన పేరే, సైనిక హోదా కాదు. పోలిక పెట్టిన రెండు గుంపులూ ఒక తీరువి కానప్పుడు తేడా టీకా వల్లే వచ్చిందని ఎలా అంటారని ఆయన అడిగాడు. ఫ్రాన్స్‌లో ఆ ప్రశ్నను అవమానంగా తీసుకున్నవారు ఉన్నారు. రెండేళ్లు తిరగకుండా జర్మనీలోని ల్యూబెక్‌లో ఘోరం జరిగింది. టీకా తయారయ్యే చోట అసలైన క్షయ క్రిమి కలిసిపోవడంతో 70 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. తప్పు టీకాది కాదు, ప్రయోగశాలది. అయినా బీసీజీ పేరు చెబితే తల్లులు భయపడే రోజులు వచ్చాయి.

ఆ గొడవల మధ్య న్యూయార్క్‌లో జరిగిన ఒక పనికి దక్కవలసినంత పేరు దక్కలేదు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో విద్యార్థులకు మొట్టమొదట చెప్పవలసిన పాఠం అదే. క్షయ రోగులున్న ఇళ్లలోని పిల్లలకు అక్కడ 1927 నుంచి బీసీజీ వేశారు. మొదటి ఆరేళ్లూ ఏ బిడ్డకు వేయాలో డాక్టర్లే ఎంచుకున్నారు. వేసిన 445 మందిలో క్షయతో పోయినవారు 3. వేయని 545 మందిలో 18. టీకాకు జేజేలు కొట్టవలసిన లెక్క. కానీ దాన్ని నడుపుతున్న వైద్యులకు అనుమానం వచ్చింది. డాక్టరు టీకా వేస్తానంటే సరేనన్న తల్లిదండ్రులు ఎవరు? పిల్లల్ని వేళకు ఆసుపత్రికి తెచ్చేవారు, చెప్పిన మాట వినేవారు, దగ్గే మనిషికి బిడ్డను దూరంగా ఉంచేవారు. వాళ్ల పిల్లలు టీకా లేకపోయినా ఎక్కువమందే బతికేవారేమో. దాంతో 1933 నుంచి పద్ధతి మార్చారు. పేర్ల జాబితా ప్రధాన కార్యాలయంలో పెట్టి, ఒకరు విడిచి ఒకరికి టీకా అన్నారు. డాక్టరు ఇష్టంతో పని లేదు. 1944 దాకా చూశారు. ఈసారి రెండు గుంపుల్లోనూ ఐదు వందల పైచిలుకు పిల్లలు. రెండింటిలోనూ మరణాలు 8 చొప్పునే.

టీకా మారలేదు. ఊరు మారలేదు. ఎవరికి వేయాలో నిర్ణయించే చెయ్యి మారింది, అంతే. దాదాపు ఐదు రెట్లుగా కనిపించిన మేలు ఆవిరైపోయింది. వైద్య పరిశోధనలో చీటీ వేయడం ఎందుకని అడిగేవారికి ఈ రెండు వరుసల అంకెలు చూపిస్తే చాలు.

1950కి వద్దాం. ఆ ఏడాది భూగోళం మీద మూడు చోట్ల, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, బీసీజీని సరిగా పరీక్షించే పని మొదలైంది. ఒకటి ఇంగ్లండ్, రెండు అమెరికా దక్షిణ రాష్ట్రాలు, మూడు మన మదనపల్లె.

ఇంగ్లండ్‌లో లండన్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ ప్రాంతాల బడుల్లో చదువు ముగించబోతున్న 14, 15 ఏళ్ల పిల్లలు 54 వేల మందిని తీసుకున్నారు. ముందు ట్యూబర్కులిన్ పరీక్ష. ముంజేతి చర్మంలోకి కొద్దిగా మందు ఎక్కించి మూడో రోజు వాపు కొలవడం. వాపు లేదంటే క్షయ క్రిమి ఇంకా ఒంట్లోకి చేరలేదన్నమాట. అలాంటి పిల్లల్ని యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేశారు. ఇరవై ఏళ్లు వెంటాడి చూస్తే, టీకా పడిన 13,598 మందిలో 62 మందికి క్షయ వచ్చింది. పడని 12,867 మందిలో 248 మందికి. అంటే వందలో 77 పాళ్ల రక్షణ. దీనికి వంక పెట్టడం కష్టం.

అమెరికాలో జార్జియా, అలబామా రాష్ట్రాల సరిహద్దున జార్జ్ కామ్‌స్టాక్ బృందం అదే పని చేసింది. టీకా పడినవారు దాదాపు 17 వేలు, పడనివారు దాదాపు 18 వేలు. రెండు దశాబ్దాల తర్వాత చూస్తే అటూ ఇటూ ముప్పై మంది లోపే కేసులు. మేలు 14 శాతానికి మించి తేలలేదు.

ఇక మదనపల్లె. క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ కుమారుడు యోహాన్నెస్ ఈ అధ్యయనానికి నాయకుడు. ఆరోగ్యవరం కేంద్రంగా చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి జనాభా లెక్క రాసుకుని, ఎక్స్‌రేలు తీసి, ట్యూబర్కులిన్ పరీక్షలు చేశారు. ఆ కాలంలో ఎక్స్‌రే యంత్రాన్నీ దానికి కరెంటు ఇచ్చే జనరేటరునూ రాయలసీమ బండ్ల బాటల్లో పల్లె పల్లెకూ చేర్చడమే ఒక మహాయజ్ఞం. వర్షాలు లేక వలసపోయిన కుటుంబాలను మళ్లీ వెతికి పట్టుకోవడం ఇంకో యజ్ఞం. టీకాను ఒకరు విడిచి ఒకరికి వేశారు. ఆ లెక్క 1973లో అచ్చయింది: టీకా పడిన 5,069 మందిలో 33 మందికి క్షయ, పడని 5,808 మందిలో 47 మందికి. వందకు 20 పాళ్ల రక్షణ అనవచ్చు. ఇంత చిన్న అంకెల్లో ఆ మాత్రం తేడా కాకతాళీయంగానూ రావచ్చు. అంటే మదనపల్లె ఇంగ్లండ్ వైపు నిలబడలేదు, జార్జియా వైపు మొగ్గింది.

ఈ లెక్కలు తేలేలోపే దేశమంతటా టీకాల ప్రచారం సాగిపోయింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1948లోనే టీకా తయారీ మొదలైంది. 1951 నుంచి సామూహిక టీకా కార్యక్రమం. బడికి జీపు వస్తుంది, పిల్లలు చొక్కా చేయి పైకి మడిచి వరుసలో నిలబడతారు, సూది పడుతుంది, వారాల తర్వాత పుండై మానుతుంది, మచ్చ మిగులుతుంది. అరవై, డెబ్భై దాటిన పాఠకులకు ఈ వరుస బాగా గుర్తుండాలి.

దాన్ని బహిరంగంగా ఎదిరించినవారిలో అందరికంటే పెద్ద పేరు రాజాజీది. అప్పటికి మద్రాసు ముఖ్యమంత్రి పదవి దిగిపోయి ఉన్నారు. బీసీజీని ఎందుకు వ్యతిరేకిస్తున్నానో వివరిస్తూ 1955లో ఒక చిన్న పుస్తకమే అచ్చు వేయించారు. దీని మేలు రుజువు కాలేదు, బతికున్న క్రిమిని లక్షల పిల్లల ఒంట్లోకి ఎక్కించడం ప్రమాదం, జనాన్ని ఒప్పించకుండా చేస్తున్నారు అని ఆయన వాదన. కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్, ఆమె సలహాదారులు గట్టిగా జవాబిచ్చారు. ఆయన భయపడినంత ప్రమాదం ఆ టీకాలో లేదు, ఆ మాట ఇప్పుడు నిస్సందేహంగా చెప్పవచ్చు. కానీ ఈ గడ్డ మీద దీని మేలు రుజువైందా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. 1955లో ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు.

జవాబు కోసం పూనుకున్నది భారత వైద్య పరిశోధన మండలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య విభాగం తోడు నిలిచాయి. ఎంచుకున్న చోటు మద్రాసుకు పడమట ఉన్న అప్పటి చెంగల్పట్టు జిల్లా. మదనపల్లె నుంచి మద్రాసు వెళ్లే దారిలోనే ఆ నేల తగులుతుంది. 209 పంచాయతీలు, 9 పట్టణాలు. 1968లో మొదలుపెట్టి 1971 వరకు సూదులు వేశారు. నెల దాటిన పసిబిడ్డ నుంచి పండు ముసలి దాకా, మొత్తం 2,81,161 మందికి.

ఈ పరీక్షను ఎలా కట్టారో కాస్త నిదానంగా చెప్పాలి. దీని విలువంతా ఆ కట్టడంలోనే ఉంది.

టీకా బలహీనమైందేమో అనే సాకుకు తావివ్వకుండా ఒకటి కాదు, రెండు వంగడాలు తీసుకున్నారు. ఒకటి పారిస్‌ది, ఇంకొకటి డెన్మార్క్‌ది. అప్పటికి పేరున్నవే. ఒక్కొక్కటి రెండు మోతాదుల్లో. మూడో రకం సీసాలో టీకా ఉండదు, ఉత్త సూది. సీసాల మీద సంకేతాలు తప్ప పేర్లు లేవు. ఏ మనిషికి ఏ సీసా పడాలో తేల్చింది యాదృచ్ఛిక సంఖ్యలు. సూది వేసిన కార్యకర్తకు తను వేస్తున్నదేమిటో తెలియదు. ఏళ్ల తర్వాత ఎక్స్‌రే చదివిన డాక్టరుకూ, కఫంలో క్రిమిని పెంచి చూసిన ప్రయోగశాల మనిషికీ ఆ రోగికి ఏ సీసా పడిందో తెలియదు. ఇది చాలా ముఖ్యం. టీకా వేసినవాడని తెలిస్తే, ఎక్స్‌రేలో సందేహంగా ఉన్న చిన్న మచ్చను ‘ఏం లేదులే’ అనుకునే బలహీనత ఎంత నిజాయితీపరుడికైనా ఉంటుంది. అది దురుద్దేశం కాదు, మనసు నడిచే తీరు. దానికి మందు మంచితనం కాదు, కళ్లకు గంతలు కట్టడమే.

టీకా నిజంగా ఒంటికి పట్టిందా అన్నదీ చూశారు. రెండున్నర నెలల తర్వాత కొందరికి మళ్లీ ట్యూబర్కులిన్ పరీక్ష చేస్తే, టీకా పడినవారి చేతులు బాగా వాచాయి. పట్టిందన్నమాట. ఇక అక్కడి నుంచి కాపలా. రెండున్నర ఏళ్లకోసారి మొత్తం జనాభాను తిరిగి చూడటం, మధ్యలో అనుమానం ఉన్నవారిని వెతికి పట్టుకోవడం, దగ్గేవారి కఫం సేకరించి పరీక్షించడం. రాజ్ నారాయణ్, తర్వాత జి.వి.జె. బెయిలీ వంటి పరిశోధకుల పేర్లు నివేదికల మీద ఉంటాయి. కానీ దీన్ని నిలబెట్టింది ఆ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగిన కార్యకర్తలు. పొలం వెళ్లినవాడి కోసం సాయంత్రం దాకా కూర్చుని, కూతురి పురిటికి వెళ్లిన తల్లి కోసం పక్క ఊరు వెళ్లి వచ్చినవాళ్లు. టీకా పడినవాళ్లలో ఎక్కువమంది, పడనివాళ్లలో తక్కువమంది తప్పిపోతే లెక్క తలకిందులవుతుంది. అందుకని ఒక్క మనిషి జారిపోకుండా చూడటం కూడా శాస్త్రంలో భాగమే, సూది ఎంతో అదీ అంతే.

టీకాల ప్రచారం సాగుతున్న దేశంలో కొందరికి ఉత్త సూది వేయడం న్యాయమేనా అని అడగవచ్చు. నేనూ చాలాకాలం ఆలోచించాను. ఇంగ్లండ్ 77 అంటోంది, జార్జియా 14 అంటోంది, మదనపల్లె 20 అంటోంది. ఏది నిజమో తెలియనప్పుడు అందరికీ వేసుకుంటూ పోవడం దయ అనిపిస్తుంది గానీ, అది కూడా ఒక ప్రయోగమే. లెక్క రాసుకోని ప్రయోగం. చెంగల్పట్టులో రాసుకున్నారు. నేను వారి పక్షమే.

1979లో మొదటి నివేదిక ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. ఏడున్నర ఏళ్ల పరిశీలన. సారాంశం ఒక్క ముక్కలో: ఊపిరితిత్తుల క్షయ నుంచి బీసీజీ ఏ రక్షణా ఇవ్వలేదు. పారిస్‌దీ ఇవ్వలేదు, డెన్మార్క్‌దీ ఇవ్వలేదు. పెద్ద మోతాదు ఇవ్వలేదు, చిన్న మోతాదూ ఇవ్వలేదు.

ప్రపంచంలోకెల్లా పెద్ద బీసీజీ పరీక్ష, కట్టడంలో అన్నిటికంటే గట్టిది, సున్నా చూపించింది. కోట్ల మందికి అప్పటికే వేసేసిన టీకా అది. సహజంగానే మొదట పరీక్షనే తప్పు పట్టబోయారు. నిపుణుల బృందాలు కూర్చుని సీసాల దగ్గర్నుంచి కఫం డబ్బాల దాకా తరచి చూశాయి. ఫలితాన్ని కొట్టిపారేసేంత లోపం దొరకలేదు.

అప్పుడు మిగిలింది అసలు చిక్కు. ఇంగ్లండ్ లెక్క తప్పు కాదు. చెంగల్పట్టు లెక్కా తప్పు కాదు. రెండూ నిజమే. ఒక అధ్యయనాన్ని నమ్మవచ్చా అని అడిగేటప్పుడు మనం నిజానికి రెండు ప్రశ్నలు కలిపి అడుగుతున్నాం. అక్కడ, ఆ మనుషుల్లో, వాళ్లు చెప్పింది నిజమా అన్నది మొదటిది. అది ఇక్కడ, మన మనుషుల్లో కూడా నిజమవుతుందా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు చీటీ వేయడం, కళ్లకు గంతలు, జారిపోకుండా వెంటాడటం జవాబు చెబుతాయి. రెండోదానికి అవేవీ చెప్పవు. నెల్లూరు నల్లరేగడిలో పండిన వంగడం అనంతపురం ఎర్రనేలలోనూ అంతే పండుతుందని ఏ రైతూ పందెం కాయడు, ముందు ఒక మడిలో వేసి చూస్తాడు. 1951లో మనం బయటి నుంచి వచ్చిన విత్తనాన్ని మడిలో పంట తేలకుండానే దేశమంతా చల్లాం.

మరి నేల తేడా ఏమిటి? అమెరికా పరిశోధకుడు క్యారోల్ పామర్ ముందే ఒక ఊహ చెప్పి ఉన్నాడు. క్షయ క్రిమికి దూరపు చుట్టాలు కొన్ని మట్టిలోనూ నీళ్లలోనూ ఉంటాయి. సాధారణంగా జబ్బు చేయవు. వెచ్చని ప్రాంతాల్లో మరీ ఎక్కువ. చెరువు నీళ్లు తాగుతూ, పొలం బురదలో తిరుగుతూ పెరిగే పిల్లల ఒంట్లోకి అవి తెలియకుండానే చేరి కొంత రక్షణ ఇస్తాయి. పామర్ గినీ పందుల మీద ఈ సంగతి చూపించాడు. అప్పటికే సగం నిండిన కుండలో బీసీజీ కొత్తగా పోసేది తక్కువ. చెంగల్పట్టులో క్షయ క్రిమి ట్యూబర్కులిన్‌తో పాటు ఈ చుట్టం క్రిముల నుంచి తీసిన ద్రవంతో కూడా పరీక్షించారు. యవ్వనం వచ్చేసరికి దాదాపు అందరి చేతులూ దానికి వాచాయి. జార్జియా, అలబామా కూడా వెచ్చని, తేమ నేలలే అని గుర్తుంచుకోండి.

1994లో అమెరికా పరిశోధకులు కొందరు బీసీజీ మీద అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ కలిపి లెక్క కట్టారు. సగటున 50 శాతం రక్షణ అని తేలింది. ఆ సగటు ఏ ఊరికీ సరిపోయేది కాదు. అక్షాంశంతో పోల్చి చూస్తే మాత్రం ఒక వరుస కనిపించింది: భూమధ్యరేఖకు దూరం వెళ్లే కొద్దీ టీకా బాగా పనిచేసింది, దగ్గరకు వచ్చే కొద్దీ చతికిలపడింది. ఇంగ్లండ్ 52వ అక్షాంశం దగ్గర ఉంది. మదనపల్లె, చెంగల్పట్టు రెండూ 13 దగ్గర. మదనపల్లె చిన్న లెక్క, చెంగల్పట్టు మహా లెక్క ఒకే వైపు చూపించడం కాకతాళీయం కాదని నా నమ్మకం. చుట్టం క్రిములే పూర్తి జవాబా అన్న చర్చ ఇంకా ముగియలేదు. క్షయ ఎక్కువగా ఉన్న ఊళ్లలో మనిషి మళ్లీ మళ్లీ అంటు తగిలించుకుంటాడన్నదీ, మన ప్రాంతపు క్షయ క్రిమి తీరే వేరన్నదీ అందులో ఉన్నాయి.

చెంగల్పట్టు పదిహేనేళ్ల తుది లెక్కలు 1999లో గానీ అచ్చు కాలేదు. అంత జాప్యం అంత మంచి పనికి న్యాయం కాదని చెప్పకుండా ఉండలేను. క్షయ అంటు సోకని 1,09,873 మందిలో 560 మందికి జబ్బు వచ్చింది. పెద్దల్లో రక్షణ లేదు. పిల్లల్లో 27 శాతం. అయితే ఆ అంకె చుట్టూ ఉన్న అనిశ్చితి సున్నాకు కింది నుంచి 50 దాకా పరుచుకుని ఉంది. కొద్దిగా మేలు ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు అని చదవాలి దాన్ని. పట్టిక మీద 27 కనబడగానే పండగ చేసుకోకూడదు.

ఇక్కడ పాఠకులు ఒక తొందరపాటు పడే అవకాశం ఉంది. అప్పట్లో పత్రికలూ పడ్డాయి. బీసీజీ దండగ అని చెంగల్పట్టు చెప్పలేదు. ఆ పరీక్ష వెతికింది ఊపిరితిత్తుల క్షయను, అదీ ఎక్స్‌రేతో, కఫంతో. పసిబిడ్డకు మెదడు పొరల్లో వచ్చే క్షయ కఫంలో దొరకదు. ఒళ్లంతా పాకే మిలియరీ క్షయ కూడా పసివాళ్లను ఆ పద్ధతికి చిక్కకుండానే తీసుకుపోతుంది. వాటి సంగతి వేరే పద్ధతిలో చూడవలసి వచ్చింది: జబ్బు వచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి ఎవరికి టీకా పడి ఉందో వెనక్కి లెక్కించడం. చీటీ వేసిన పరీక్షంత గట్టిది కాదు ఇది. న్యూయార్క్ తల్లిదండ్రుల చిక్కు ఇక్కడా దూరవచ్చు. అయినా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు చేతులు చేసిన లెక్కలు ఒకే వైపు నిలిచాయి. 2006లో వాటిని కలిపి చూస్తే మెదడు పొరల క్షయ నుంచి 73 శాతం, మిలియరీ నుంచి 77 శాతం రక్షణ తేలింది. ఇవి బిడ్డ ప్రాణాలు. అందుకే పుట్టిన బిడ్డకు బీసీజీ వేయడం మన దేశం మానలేదు, మానకూడదు. ఇంగ్లండ్ మాత్రం బడి పిల్లలందరికీ వేసే పద్ధతిని 2005లో ఆపేసింది. అక్కడ క్షయ తగ్గిపోయింది, అందరికీ వేయవలసిన పని లేకపోయింది.

2024లో మన దేశంలో పెద్దలకు బీసీజీ మళ్లీ వేసి చూసే ప్రయత్నం మొదలైంది. మంచిదే. వేసినవారితో పాటు వేయనివారినీ అంతే శ్రద్ధగా వెంటాడాలి, లెక్క ఏది చెప్పినా ఆలస్యం చేయకుండా అచ్చు వేయాలి. అధికారులను కోరేది అంతే. చెంగల్పట్టు పల్లెల వాళ్లు పదిహేనేళ్లు చేతులు చాపి, కఫం ఇచ్చి, కార్యకర్త వచ్చిన ప్రతిసారీ తలుపు తీసి ఈ దేశానికి ఇచ్చింది ఆ అలవాటునే.

పాఠకులకు ఒక మాట. ఇంట్లో బిడ్డ పుడితే ఆసుపత్రి నుంచి కదిలే ముందే బీసీజీ పడిందో లేదో చూసుకోండి. మీ విషయానికి వస్తే, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, సాయంత్రం పూట జ్వరం తగులుతున్నా, ఎడమ చేతి మీద చిన్నప్పటి మచ్చ ఉంది కదా అని ధీమా పడకండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి కఫం పరీక్ష చేయించుకోండి. పరీక్షా, మందులూ రెండూ ఉచితం.

(ఇంకా ఉంది)